రౌతు కొద్దీ గుర్రం

పుష్యమాసపు ఉదయం ఒకటి ఊహించుకోండి. కొల్లేటి గట్ల మీద మంచు ఇంకా విడలేదు. కుడివైపు చేపల చెరువు, ఎడమవైపు దాళ్వా నాట్లు పడుతున్న చేను. మధ్యలో ఒక బండి మాత్రమే పట్టే మట్టిదారి. ఆ దారిన నాలుగేళ్ళ గుర్రం ఒకటి నడుస్తోంది. సవారీ నేర్చి దానికి రెండు నెలలైంది. నేర్పినవాడు వేరు, ఇవాళ మీద కూర్చున్నవాడు వేరు. గుర్రానికీ ఈ రౌతుకూ పరిచయం వారం రోజులది.

తూటికాడల మాటు నుంచి తెల్లకొంగ ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ లేచింది. గుర్రం నాలుగు కాళ్ళూ పాతేసినట్టు ఆగిపోయి, మరుక్షణం చెరువు వైపుకు గెంతింది. రౌతు ఊపిరి బిగబట్టాడు, మోకాళ్ళు నొక్కిపెట్టాడు, పగ్గాలు గట్టిగా లాగాడు. గుర్రం మెడ ఎత్తి, ముక్కుపుటాలు విప్పి, మరింత బెదిరింది. కొంగ మాత్రం అవతలి గట్టు మీద వాలి తన చేపల వేటలో పడింది.

జరిగిందంతా రెండు క్షణాల్లో జరిగింది. ఆ రెండు క్షణాల్ని విడదీసి చూస్తే గుర్రం కన్ను, చెవి, వెన్ను, జ్ఞాపకం అన్నీ బయటపడతాయి. వాటితోపాటు రౌతు గుండె కూడా బయటపడుతుంది. "రౌతు కొద్దీ గుర్రం" అన్నారు మనవాళ్ళు. ఎక్కినవాడి తీరును బట్టే గుర్రం తీరు ఉంటుందని దాని అర్థం. ఆ మాటకు ఇప్పుడు గుండె వేగాన్ని కొలిచే యంత్రాలు కూడా సాక్ష్యం చెబుతున్నాయి.

తడి నేలలో గుర్రం

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఇందులో నిలిచి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 2002లో దీన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేర్చారు. ఇది గేదెల రాజ్యం. గుర్రానికి ఇక్కడి నేలా, గాలీ అంత సులువుగా పడవు.

అందుకు కారణం గిట్టలోనే ఉంది. మన గోరు ఏ పదార్థమో గిట్ట కూడా అదే, కెరటిన్. ఎండలో గట్టిపడుతుంది, తడిలో నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. రోజుల తరబడి బురదలో నిలబెడితే గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి భాగం కుళ్ళి దుర్వాసన కొడుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో గుర్రాన్ని పెంచేవాళ్ళు ముందుగా చూసుకోవలసింది కాలికింద పొడి నేల. రోజూ గిట్ట ఎత్తి, ఇరుక్కున్న మట్టి గీకి, ఆరనివ్వాలి.

రెండో శత్రువు జోరీగ. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడిన గుర్రాల, ఒంటెల నెత్తుట్లో ఈదులాడుతున్న సూక్ష్మజీవిని చూశాడు. సర్రా జ్వరానికి కారణం అదే. జోరీగలు ఒక పశువును కుట్టి, వెంటనే మరో పశువు మీద వాలి దాన్ని అంటిస్తాయి. గేదె ఆ జీవిని మోస్తూ కూడా పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. గుర్రం మాత్రం జ్వరంతో చిక్కి శల్యమవుతుంది, వైద్యం అందకపోతే చచ్చిపోతుంది. గేదెల మంద పక్కనే గుర్రాన్ని కట్టేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

దక్షిణాదిలో గుర్రం ఎప్పుడూ ఖరీదైన వస్తువే. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ ఒక విషయం రాశాడు. సాళువ నరసింహరాయలు సముద్రం మీద వచ్చే గుర్రాల కోసం ఎంత ఆత్రపడ్డాడంటే, ఓడలో చచ్చిపోయిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే సొమ్ము ఇచ్చేవాడట. అంతకు వెయ్యేళ్ళు ముందు, ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి నుంచి వేంగిని ఏలిన శాలంకాయనుల్లో విజయదేవవర్మను ఏలూరు తామ్రశాసనం అశ్వమేధం చేసినవాడిగా కీర్తించింది. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. రాజులు దాటిపోయాక గుర్రం జట్కాకు దిగింది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో రైలు దిగినవాళ్ళను ఊళ్ళోకి చేర్చింది అదే.

చిత్తడి నేల గుర్రానికి అసలే పనికిరాదని దీని అర్థం కాదు. ఫ్రాన్స్‌లో రోన్ నది డెల్టాలో కమార్గ్ అనే ప్రాంతం ఉంది. అదీ రామ్‌సార్ జాబితాలోదే. అక్కడి తెల్ల గుర్రాలు తరతరాలుగా నీళ్ళలో, రెల్లులో మేస్తూ ఆ నేలకు తగ్గట్టు తయారయ్యాయి. మన కొల్లేటి గుర్రానికి ఆ వారసత్వం లేదు. రాజస్థాన్ మార్వాడీయో, గుజరాత్ కాఠియావాడీయో, దక్కన్ పొట్టి గుర్రమో పొడి నేల మీద పుట్టి ఇక్కడికి వస్తుంది. దానికి ఈ గట్టు, ఈ కొంగ, ఈ రౌతు మూడూ కొత్తే.

గంతల వెనక కన్ను

జట్కా గుర్రం కళ్ళకు ఇరుపక్కలా తోలు గంతలు ఉండేవి. ఎందుకు? గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. నేల మీద తిరిగే క్షీరదాల్లో అంత పెద్ద కళ్ళున్నవి చాలా తక్కువ. తల తిప్పకుండానే అది చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు, ముక్కు కింద కొద్దిపాటి చోటు మాత్రమే కనపడదు. గడ్డి మేస్తూనే వెనక నుంచి వచ్చే మృగాన్ని కనిపెట్టడానికి ప్రకృతి ఇచ్చిన కన్ను అది. బజారులో ఆ కన్ను పక్కనుంచి పోయే ప్రతి సైకిల్నీ, ప్రతి గొడుగునూ పట్టేస్తుంది. గంత ఆ చూపును ముందుకు కుదిస్తుంది.

సవారీ గుర్రానికి గంతలుండవు. కాబట్టి కొత్త గుర్రం దగ్గరికి వెళ్ళేటప్పుడు తిన్నగా ముందు నుంచీ వద్దు, వెనక నుంచి అసలే వద్దు. భుజం వైపుగా, మాట్లాడుతూ వెళ్ళాలి. చెయ్యి మొదట ముఖం మీదికి చాపకూడదు. ముక్కు కింద ఉన్న చెయ్యి దానికి కనపడదు. కనపడని చెయ్యి తగిలితే అది ఉలిక్కిపడుతుంది.

గుర్రానికి రంగులు కూడా మనకు కనపడ్డట్టు కనపడవు. నీలం, పసుపు బాగానే తెలుస్తాయి, ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. నాట్లు వేసే మనిషి కట్టుకున్న ఎర్రచీర మనకు చేలోంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుర్రానికి అది రంగుగా విడిపడదు. చెరువు గట్టున మేత బస్తాల మీద కప్పిన నీలి టార్పాలిన్ మాత్రం దానికి స్పష్టంగా తెలుస్తుంది. గాలికి రెపరెపలాడితే ఇక చెప్పనక్కర్లేదు.

వెలుగు నుంచి చీకట్లోకి వెళ్తే దాని కన్ను సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఎండలోంచి పాకలోకి లాగితే మొండికేసే గుర్రం పొగరుబోతు కానక్కర్లేదు. దానికి లోపల ఏమీ కనపడకపోవచ్చు.

గుర్రాల వాళ్ళు మరో మాట అంటుంటారు. వెళ్ళేటప్పుడు బెదరని రాయికి వచ్చేటప్పుడు బెదురుతుందని. దీన్ని 2021లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో టెంపుల్ గ్రాండిన్ బృందం పరీక్షించింది. రెండు మూడేళ్ళ వయసున్న 20 గుర్రాలతో పిల్లల ఆటబొమ్మల ఇల్లు ఒకటి పెట్టి చూశారు. బెదురు పోయేదాకా దాని పక్కనుంచి నడిపించి, తర్వాత అదే బొమ్మను పక్కకు తిప్పి నిలబెట్టారు. గుర్రాలు కొత్త వస్తువును చూసినట్టే మళ్ళీ బెదిరాయి. అదే వస్తువు, మరో వైపు నుంచి చూస్తే మరో ఆకారం. కాబట్టి గట్టు మీద రొయ్యల చెరువు ఏరేటర్‌ను అలవాటు చేస్తే పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చేయాలి. గుర్రానికి అవి రెండు దారులు.

కన్ను ఏం చూస్తోందో చెవి చెబుతుంది. ఒక్కో చెవీ విడిగా 180 డిగ్రీలు తిరుగుతుంది. చెవి ఎటుంటే దాని మనసు అటు ఉన్నట్టు. రెండూ ముందుకు నిలబడితే ఎదురుగా ఉన్నదాన్ని పరిశీలిస్తోంది. రెండూ వెనక్కి మెడకు అతుక్కుంటే కోపం. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగి ఉంటే దారినీ, మీద ఉన్న మనిషినీ కలిపి వింటోంది. రౌతుకు తన సీటు నుంచి ఎప్పుడూ కనపడే అద్దం ఆ చెవులే.

వెన్ను వయసు

2021లోనే లుడోవిక్ ఒర్లాండో నాయకత్వంలో శాస్త్రవేత్తలు 273 ప్రాచీన గుర్రాల జన్యువులను చదివారు. ఇవాళ మనం ఎక్కే గుర్రాలన్నీ రష్యాలో ఓల్గా, డాన్ నదుల దిగువ మైదానాల నుంచి వచ్చాయనీ, సుమారు 4,200 ఏళ్ళ కిందట అక్కడి నుంచి వేగంగా నలుదిక్కులా పాకాయనీ తేలింది. అప్పటి మనుషులు ఏ గుణాల కోసం ఏరుకున్నారో కూడా కొంత తెలిసింది. బాగా ఏరిన రెండు జన్యువుల్లో ఒకటి భయానికీ శాంతానికీ సంబంధించింది, రెండోది వెన్నుకు సంబంధించింది. నాలుగు వేల ఏళ్ళ తర్వాత కూడా కొత్త గుర్రాన్ని చూసేటప్పుడు మనం ఆ రెండే అడగాలి. దీని మనసు కుదుటపడిందా? దీని వెన్ను మోయగలదా?

దూడ వయసు పళ్ళలో చూడటం గోదావరి రైతుకు నేర్పనక్కర్లేదు. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని సంతలో నోరు తెరిచి చెప్పేస్తాడు. గుర్రానికీ అదే లెక్క పనికొస్తుంది. పాలపళ్ళు ఊడి ముందరి శాశ్వత పళ్ళు జతలుగా వస్తాయి. రెండున్నరేళ్ళకు మొదటి జత, మూడున్నరకు రెండో జత, నాలుగున్నరకు మూడో జత. అయిదేళ్ళకు నోరు నిండుతుంది.

ఎముకలు మరికాస్త ఆలస్యం. ఎదిగే ఎముక చివర మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. అది గట్టిపడి కలిసిపోతే ఆ ఎముక ఎదుగుదల ఆగినట్టు. గుర్రంలో ఈ పని కింది నుంచి పైకి సాగుతుంది. గిట్ట దగ్గరి ఎముకలు మొదటి ఏడాదిలోనే పూర్తవుతాయి, మోకాలి పైవి తర్వాత, వెన్నుపూసలు అన్నిటికన్నా చివర, అయిదారేళ్ళకు. అంటే కాళ్ళు చూసి పెద్ద గుర్రం అనుకుని ఎక్కితే, మనం కూర్చునేది ఇంకా పూర్తికాని చోట. తగినంత నడక, తేలికైన పని ఎముకను గట్టిపరుస్తాయి. బరువూ, గంటల తరబడి దౌడూ చెరుపు చేస్తాయి. నాలుగేళ్ళ గుర్రానికి రోజుకు అరగంట సవారీ, వారంలో రెండు మూడు రోజులు విశ్రాంతి ఇస్తే నష్టపోయేదేమీ లేదు.

ఎంత బరువు? 2008లో అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద దీన్ని కొలిచారు. తమ బరువులో 15, 20 శాతం మోసినప్పుడు అవి బాగానే ఉన్నాయి. 25, 30 శాతానికి వచ్చేసరికి కండరాల నొప్పి, బిగువు పెరిగాయి. మన ప్రాంతంలో దొరికే పొట్టి గుర్రం 300 కిలోలు తూగుతుందనుకుందాం. దానిలో అయిదో వంతు 60 కిలోలు, అదీ జీనుతో కలిపి. ఈ లెక్కన ఎదిగిన మగవాళ్ళలో చాలామంది దాన్ని ఎక్కకూడదు. చేదుగా ఉన్నా ఇది ఒప్పుకోవలసిన లెక్క. మనదేశంలో 1965 నాటి బరువు మోసే జంతువుల నియమాలు కూడా పొట్టి గుర్రం మీద వేసే మోతను 70 కిలోలకు పరిమితం చేశాయి. ముళ్ళున్న కళ్ళేన్ని వాడకూడదన్నదీ ఆ నియమాల్లోదే. పెళ్ళి ఊరేగింపులో అలాంటి కళ్ళెం కనపడితే అది చట్టవిరుద్ధమని చెప్పగలగాలి.

ఎక్కేటప్పుడు నేల మీంచి ఒక్క అంకవన్నెలో కాలు పెట్టి వేలాడితే జీను పక్కకు లాగి వెన్ను మెలిపడుతుంది. మన ఊళ్ళో ప్రతి పాత ఇంటికీ అరుగు ఉంది. అరుగు పక్కన నిలబెట్టి మెల్లగా ఎక్కితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

వదలడంలో ఉన్న పాఠం

కొత్తగా నేర్చిన గుర్రానికి వచ్చిన మాటలు నాలుగైదు. కదులు, ఆగు, కుడికి, ఎడమకు, వెనక్కి. ఇవన్నీ ఒకే సూత్రం మీద నేర్పినవి. పిక్కతో పక్కను కొద్దిగా నొక్కుతారు. గుర్రానికి అది ఇబ్బంది. దాన్ని వదిలించుకోవడానికి తల ఊపుతుంది, తోక ఝాడిస్తుంది, చివరికి ఒక అడుగు వేస్తుంది. అడుగు పడిన క్షణాన నొక్కు ఆగిపోతుంది. ఏం చేస్తే హాయి వచ్చిందో గుర్రం ఆ క్షణంలో గుర్తుపెట్టుకుంటుంది. నొక్కు గుర్రాన్ని అడుగుతుంది, వదలడం దానికి నేర్పుతుంది.

కొత్త రౌతులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. గుర్రం కదిలాక కూడా పిక్క నొక్కుతూనే ఉంటారు, ఆగాక కూడా పగ్గం లాగుతూనే ఉంటారు. సరైన జవాబు చెప్పినా హాయి రాకపోతే గుర్రం వేరే జవాబులు వెతుకుతుంది. కొన్ని గెంతుతాయి, కొన్ని మొద్దుబారిపోతాయి. మొద్దుబారినదాన్ని సోమరిదంటారు, గెంతినదాన్ని పొగరుదంటారు. రెండూ రౌతు వేసిన ముద్రలే.

దీనికి తోడు ప్రతి చేతికీ ఒక రాత ఉంటుంది. నేర్పినవాడి చేతిరాతలో గుర్రం అక్షరాలు నేర్చుకుంది. మీ చేతిరాత వేరు. అదే అక్షరాన్ని మీరు వంకరగా రాస్తే పోల్చుకోవడానికి దానికి వ్యవధి కావాలి. అందుకే మొదటి వారం ఎక్కకుండా గడపడం మంచిది. పగ్గం పట్టుకుని పక్కన నడవాలి. ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి. మేత మీరే పెట్టాలి, ఒళ్ళు మీరే తోమాలి. నేర్పినవాడు ఎక్కి తిప్పుతుంటే అతని పిక్క ఎక్కడ తగులుతోందో, పగ్గం ఎప్పుడు సడలుతోందో కళ్ళారా చూడాలి.

ఒళ్ళు తోమేటప్పుడు మెడ కింద, జూలు ముగిసేచోట, భుజాల మధ్య ఎత్తుగా ఉన్న భాగాన్ని గోళ్ళతో గోకి చూడండి. పై పెదవి సాగదీసి వణికిస్తుంది. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. 1993లో కమార్గ్ గుర్రాల మీద జరిగిన పరిశోధనలో అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని తేలింది. కొట్టి మచ్చిక చేయడమే పద్ధతి అనుకునేవాళ్ళకు జవాబుగా ఈ ఒక్క చోటు చాలు. మెడ మీద టపటపా చరచడం మనకు మెచ్చుకోలు. గుర్రానికి గోకుడే మెచ్చుకోలు.

ఆ మంచి గుర్తు నిలుస్తుంది కూడా. 2010లో ఫ్రాన్స్‌లో కుర్ర గుర్రాల మీద చేసిన ప్రయోగంలో, మేత బహుమతిగా ఇచ్చి నేర్పిన గుర్రాలు నెలలు గడిచాక కూడా పాఠం మరవలేదు, మనుషుల దగ్గరికి చనువుగా వచ్చాయి. చెడు గుర్తుకూ అంతే ఆయుష్షు.

రౌతు గుండె

1904లో బెర్లిన్ నగరమంతా ఒక గుర్రం గురించి మాట్లాడుకుంది. దాని పేరు హాన్స్. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే బడిపంతులు దానికి లెక్కలు నేర్పాడు. లెక్క అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో తట్టేది. మోసం లేదని పండితుల సంఘం తేల్చింది. చివరికి ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుట్టు విప్పి 1907లో ప్రకటించాడు. అడిగినవాడికి జవాబు తెలిస్తేనే హాన్స్‌కు జవాబు వచ్చేది. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి కదిలేది. హాన్స్ ఆ కదలికను చదివి ఆగేది.

గుర్రానికి లెక్కలు రావని తేలగానే జనం నిరాశపడ్డారు. ఎంత పొరపాటు! చుట్టూ ఉన్న పండితుల్లో ఎవరికీ కనపడని కదలికను ఆ గుర్రం ఒక్కటే చూసింది. లెక్కల కన్నా అది పెద్ద విద్య.

అదే విద్య ఇవాళ్టి ప్రతి గుర్రంలోనూ ఉంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుర్రాలకు తెలియని మనుషుల ఫోటోలు చూపించారు. కోపపు ముఖం చూసినప్పుడు గుర్రాలు ఎడమకంటితో చూశాయి, వాటి గుండె వేగం చప్పున పెరిగింది. ఫోటో చూసే అంత తెలిస్తే, జీను మీంచి తొడలు, నడుము, ఊపిరి నేరుగా వీపుకు తగులుతున్నప్పుడు ఎంత తెలుస్తుంది?

దీనికి జవాబు 2009లో స్వీడన్ నుంచి వచ్చింది. కొందరు రౌతులను గుర్రాల మీద ఒక చోటి నుంచి మరో చోటికి నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారికి ముందు, ఈసారి మీరు అక్కడికి రాగానే గొడుగు ఫట్‌మని తెరుస్తాం అని చెప్పారు. గుర్రాలకు ఈ సంగతి తెలియదు. నిజానికి గొడుగు తెరవనూ లేదు. రౌతుల గుండె వేగం పెరిగింది. వాళ్ళ కింద గుర్రాల గుండె కూడా వేగం అందుకుంది. లేని గొడుగు మనిషి మనసులోంచి జంతువు గుండెలోకి దిగిపోయింది.

విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మనదానికన్నా నెమ్మదైన గుండె అది. దాని మీద కూర్చుని మనం కంగారుపడితే, కంగారు నేర్పినవాళ్ళం మనమే.

మళ్ళీ గట్టు మీదికి

ఇప్పుడు ఆ రెండు క్షణాల్లోకి మళ్ళీ వెళ్దాం. కొంగ లేచింది. గుర్రం పక్కకంటితో కదలికను పట్టింది. అదేమిటో పోల్చుకోకముందే కాళ్ళు పక్కకు గెంతాయి. పచ్చికబయళ్ళలో దాని పూర్వీకులను బతికించిన తొందర అది. ఇక్కడిదాకా తప్పు ఎవరిదీ కాదు. ఆ తర్వాత రౌతు ఊపిరి బిగబట్టాడు, అది గుర్రానికి ప్రమాద సంకేతం. మోకాళ్ళు నొక్కాడు, అది ముందుకు కదలమనడం. పగ్గం లాగాడు, అది ఆగమనడం. పరుగెత్తు, ఆగు, భయపడు అనే మూడు మాటలు ఒకేసారి చెప్పాడు. నాలుగైదు మాటలే వచ్చిన గుర్రానికి.

మర్నాడు అదే దారి. రౌతు అదే చోట ముందే ఊపిరి నెమ్మదిగా వదిలాడు. భుజాలు దించాడు. పిక్కలు వదులుగా వేలాడనిచ్చాడు. తూటికాడలు ఇంకా పది బారల దూరంలో ఉండగానే ఆగి, గుర్రాన్ని తేరిపార చూడనిచ్చాడు. అది మెడ దించి ముక్కుతో గాలి వదిలాక రెండడుగులు వేయించి, పగ్గం సడలించి, భుజాల మధ్య గోకాడు. మళ్ళీ రెండడుగులు. తిరిగి వచ్చేటప్పుడు, అవతలి వైపు నుంచి, మళ్ళీ మొదటి నుంచి అంతా చేశాడు. ఇలా వారం. ఎండెక్కేలోపు ఇంటికి చేరుకోవడం, చెమట మీద నీళ్ళు పోయడం, మేతలో చిటికెడు ఉప్పు కలపడం కూడా ఈ పాఠంలో భాగమే. గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలో కన్నా ఎక్కువగా పోతుంది. కోస్తా ఉక్కలో ఆ చెమట ఒక పట్టాన ఆరదు.

ఎనిమిదో ఉదయం కొంగ మళ్ళీ లేచింది. గుర్రం నడక ఒక్క అడుగు తడబడి, మళ్ళీ సాగింది. దాని ఎడమ చెవి కొంగ వెంట ఆకాశంలోకి తిరిగింది. కుడి చెవి వెనక్కి, రౌతు వైపు తిరిగి ఉంది.